హబ్తు ఉపవాసం

రెండున్నరేళ్ల హబ్తు ఏడాదిన్నర పిల్లాడంత ఎత్తే ఉన్నాడని ఆరోగ్య కార్యకర్త కొలిచి చెప్పేసరికి తల్లి వుబాలెచ్‌కు దిగులు పట్టుకుంది. రోజుకో గుడ్డు పెట్టమంది ఆవిడ. చెప్పడానికేం, ఎన్నయినా చెబుతారు. ఇథియోపియాలో, ఆ గొజ్జాం కొండల్లో మామూలు రోజుల్లోనే గుడ్లు సంతకు పోతాయి. ఇప్పుడేమో ఈస్టరు ముందు యాభై అయిదు రోజుల ఉపవాసం, మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. చిన్నపిల్లలకు నియమం లేదని చర్చి గురువే అంటాడు. అంటే మాత్రం? ఇంటి కుండలో గుడ్డు ఉడికితే అందరి ఉపవాసమూ చెడినట్టే.

అందుకే వుబాలెచ్ వాడికోసం విడిగా చిన్న మట్టికుండ తెచ్చింది.

"అత్తయ్యా, వీడి గుడ్డు ఇందులోనే ఉడికించు. నీ కుండల జోలికి రాదు" అని బతిమాలింది.

"నా మనవడికి నేను పెట్టుకోనా? నువ్వు పనికి పోయిరా పిల్లా" అంది టంగుట్.

పొద్దున్నే ఉల్లి మళ్లకు పోతే సాయంత్రానికే రావడం. రాగానే భర్త అంతెనెహ్‌ని "గుడ్డు తిన్నాడా?" అని అడిగేది. "తిన్నాడు" అనేవాడు. ఆ ఒక్క మాటకే నడుంనొప్పి మరిచిపోయేది పిచ్చిది.

ఈస్టరు నాడు, ఉడికించిన గుడ్లు వేసి వండే పండగ కోడికూర దించారు. టంగుట్ అందులోంచి గుడ్డు తీసి, కారం కడిగి, చిన్న ముక్క మనవడి నోట్లో పెట్టింది. వాడు మొహం చిట్లించి ఉమ్మేశాడు. మళ్లీ పెడితే వాంతి చేసుకోబోయాడు. ఎన్నడూ ఎరగని రుచి కదా పాపం.

వుబాలెచ్ లేచి వాడి కుండ తిరగేసి చూసింది. అడుగున మసి లేదు. ఒక్కరోజైనా పొయ్యెక్కితే గదా. ధాన్యం గాదెలో చెయ్యి పెడితే, గింజల మధ్య దాచిన గుడ్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

"పండక్కి చుట్టాలొస్తారని దాచాను. ఉపవాసంలో గుడ్డు తింటే వాడికి పాపం తగలదూ? వాడి నాన్ననీ ఇలాగే పెంచాను" అంది టంగుట్, తప్పేముందన్నట్టు.

ముసలిది, తనకు తెలిసిందేదో చేసింది. వుబాలెచ్ భర్త వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"అమ్మతో గొడవెందుకని..."

"రోజూ తిన్నాడన్నావు."

"నువ్వు దిగులు లేకుండా పడుకుంటావని అన్నాను."

కట్టుకున్నవాడే ఇలా గొంతు కోస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

"పడుకున్నాను. యాభై అయిదు రోజులూ హాయిగా పడుకున్నాను" అంది వుబాలెచ్. ఏడుస్తున్న హబ్తును ఎత్తి చంకనేసుకుంది. ఉపవాసానికి ముందు ఎంత తేలిగ్గా ఉన్నాడో ఇప్పుడూ అంతే ఉన్నాడు.