పిన్ని తోమిన చట్రాలు

మా పక్కింటి కొత్త కోడలు డాబా మీద తేనెటీగల పెట్టె పెట్టుకుంది. మొన్న ఆదివారం మొదటిసారి తేనె తీసింది. జిడ్డోడుతున్న చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, పిట్టగోడ అవతలి నుంచి, "అత్తయ్యగారూ, తేనె తీసేశాక ఈ చట్రాలు వేణ్ణీళ్ళతో కడిగేయాలాండీ?" అని అడిగింది. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనని, "నిన్ను చూసి కాదమ్మా, మా పిన్ని గుర్తొచ్చింది. కడక్కు తల్లీ. మునిమాపు వేళ మళ్ళీ పెట్టెలోనే పెట్టెయ్యి, మిగతా పని అవే చూసుకుంటాయి" అన్నాను. అని లోపలికొచ్చి కూర్చున్నానే గానీ, ఆ సాయంత్రమంతా నేను ఏలూరులో లేను. తాడేపల్లిగూడెం అవతల కొబ్బరితోటలో ఉన్న మా బాబాయి ఇంట్లోనే ఉన్నాను.

బాబాయి మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. వయసులో ఉన్నంతకాలం ఆయన లోకమంతా మండవల్లి అవతల, కొల్లేట్లో ఉన్న చేపల చెరువే. తెల్లారకముందే గట్టు మీదుండేవారు. నీళ్ళ రంగు చూసి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచే తీరు చూసి, వాటికేం కావాలో చెప్పేసేవారు. ఇంట్లో మనుషులకేం కావాలో మాత్రం చెబితే గానీ తెలిసేది కాదు. ఆయన ఇంటికొస్తే తవుడు, వేరుసెనగ చెక్క కలిసిన మేత వాసన కూడా వెంట వచ్చేది. పిన్ని గుమ్మంలోనే బకెట్టు నీళ్ళూ సబ్బూ పెట్టుకుని కాపలా కాసేది. మా పిన్ని శుభ్రం గురించి ఏమని చెప్పను! గ్యాసు సిలిండరు వస్తే దానికి తలంటు పోసినంత పని చేసి గానీ వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఆవిడ ఇంట్లో కరెంటు మీటరు కూడా తళతళలాడుతూ ఉండేది. మేం వేళాకోళం చేస్తే, "మీ కొంపల్లో ఎలా ఉంటారో నాకనవసరం, నాకు మాత్రం జిడ్డు కనబడితే అన్నం సయించదు" అనేది.

కొల్లేట్లో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు బాబాయి గట్టు కూడా పోయింది. అందులో న్యాయం ఎటున్నదో మా బంధువుల్లో ఇద్దరు కలిస్తే మూడు రకాలుగా చెబుతారు. నాకా గొడవ వద్దు. నాకు తెలిసిందల్లా, ఆ తర్వాత బాబాయి మాట్లాడడం మానేశారని. గోడ వైపు తిరిగి పడుకునేవారు. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. పిన్ని నాకు ఫోన్ చేసి, "గట్టుతో పాటు మనిషిని కూడా కొట్టేశారే అమ్మాయ్" అని ఏడ్చేది. చివరికి గూడెం దగ్గర పిన్ని పుట్టింటివాళ్ళ తోటలోకి మారిపోయారు. అక్కడ ఓ రోజు కొబ్బరి దింపుకు వచ్చినవాళ్ళు, ఎండిన మొద్దు తొర్రలో తేనెటీగలున్నాయని పొగబెట్టి తగలెయ్యబోయారు. ఎన్నో నెలలుగా మంచం దిగని బాబాయి లేచి వెళ్ళి వద్దన్నారు. ఎవరెవరినో అడిగి పెట్టె తెప్పించి, తొర్రలోని తుట్టెల్ని జాగ్రత్తగా కోసి, అరటినారతో చట్రాలకు కట్టి, రాణీ ఈగతో సహా వాటిని ఆ పెట్టెలోకి దింపారు. ఆ రోజు నుంచి ఆయనకు నోరొచ్చింది. ఫోన్ తీస్తే ఈగల కబుర్లే. పిన్నికి ఈగలంటే చచ్చేంత భయం. అయినా, "మొగుడి చేత మాట్లాడిస్తున్నాయి గనక ఊరుకుంటున్నాను" అనేది.

చట్రమంటే మరేం లేదు, పలకంత చెక్క ఫ్రేము. అందులో ఈగలు మైనంతో గదులు కట్టి, తేనె నింపి, పైన మూతలేస్తాయి. ఆ మూతలు కత్తితో గీసేసి, చట్రాన్ని డ్రమ్ములో పెట్టి తిప్పితే తేనె చిమ్మి కిందికి దిగుతుంది. గదులు మాత్రం అలాగే నిలుస్తాయి. ఆ ఖాళీ తుట్టెను తిరిగి ఇచ్చేస్తే, ఈగలు అంటుకున్న తేనెనంతా నాకేసి, విరిగినచోట అతుకు వేసుకుని, మళ్ళీ అందులోనే నింపుకుంటాయి. పగటిపూట ఇవ్వకూడదట. తేనె వాసనకు ఊళ్ళో ఈగలన్నీ దోపిడీకి దిగుతాయట. ఆ వేసవిలో ఆఖరి తేనె తీసినప్పుడు బాబాయి సగం నిండిన చట్రాల్ని బయటికి తీశారే గానీ డ్రమ్ములో తిప్పలేదు. వానల్లో పువ్వుండదు, అది వాటి తిండి అని అలాగే ఉంచేశారు. ఖాళీవీ, సగం నిండినవీ అన్నీ వరండాలో బల్ల మీద పేర్చి, గుడ్డ కప్పి, పొద్దు వాలే దాకా ఆగుదామనుకున్నారు. ఇంతలో ఆకివీడు నుంచి పాత స్నేహితుడు ఫోన్ చేశాడు, చెరువులో చేపలు తేలిపోతున్నాయి, ఒక్కసారి వచ్చి చూడమని. చేపలన్న మాట చెవిన పడ్డాక బాబాయి ఆగుతారా! చెప్పులేసుకుంటూనే బస్సెక్కేశారు. చట్రాల సంగతి పిన్నితో ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు నేను ఆవకాయకు సాయం చేద్దామని వెళ్ళాను. డాబా ఎక్కితే ఒక పక్క పాత చీర మీద మామిడి ముక్కలు ఆరుతున్నాయి. వాటి పక్కనే బాబాయి చట్రాలు, అప్పుడే వడ్రంగి చేసిచ్చినంత తెల్లగా ఆరుతున్నాయి. ఒక్కదాంట్లో కూడా తుట్టె లేదు. పిన్ని కొంగుతో చెమట తుడుచుకుంటూ, "చూశావుటే! నిన్న సాయంత్రానికే చీమలు బారులు తీరాయి. ఆయనొచ్చి ఈ జిడ్డంతా ఎక్కడ గోక్కుంటారులే అని, గంగాళంలో నీళ్ళు మసలబెట్టి, చింతపండేసి తోమేశాను. ఎంత మురికి వదిలిందనుకున్నావ్!" అంది. ఆ మురికి గంగాళంలో పసుపుపచ్చగా గడ్డకట్టి తేలుతోంది. బాబాయి ఫోన్ కబుర్ల పుణ్యమాని అదేమిటో నాకు తెలుసు. చెప్పక తప్పలేదు. పిన్ని మెట్టు మీద కూలబడిపోయింది. "అంటే వాటి ఇల్లు కరిగించేశానన్నమాట. తిండి కూడానా?" అంది. మళ్ళీ తనే, "తిండి లేకపోతే అవి ఎగిరిపోతాయని ఆయనే చెప్పారు. అవి పోతే ఈయన మళ్ళీ గోడ వైపు తిరిగిపోతారే అమ్మాయ్" అంది.

మధ్యాహ్నానికి బాబాయి వచ్చారు. పిన్ని దాచాలని చూడలేదు. చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకుపోయి, "ఘోరం చేశానండీ. ఏమంటారో అనండి" అంది. ఆయన ఒక చట్రం తీసి అటూ ఇటూ తిప్పారు. గంగాళం దగ్గర కూర్చుని ఒక మైనం పెళ్ళ తీసి వాసన చూశారు. చివరికి, "నువ్వు తోమాక చెక్కయినా మిగిలింది, నయం" అన్నారు. అది కోపమో నవ్వో ముఖం చూసి పోల్చుకోలేకపోయాను. ఆ సాయంత్రమే మైనం కరిగించి, ప్రతి చట్రానికీ పైచెక్క కింద ఒక సన్నటి గీతలా పోసి, మళ్ళీ పెట్టెలో దింపారు. "దారి చూపిస్తే కట్టుకుంటాయేమో చూద్దాం. వానలు వెలిసేదాకా రోజూ మునిమాపున పంచదార పాకం పెట్టాలి, లేకపోతే నిలవవు" అన్నారు. "నేను పెడతానండీ" అంది పిన్ని.

పెట్టింది కూడా. దోమతెర కత్తిరించి ముసుగు కుట్టుకుంది. పాకం గిన్నె పట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్ళి, "కాస్త జరగండమ్మా, వేడిగా లేదులెండి, చల్లార్చే తెచ్చాను" అని మర్యాదగా మాట్లాడేది. బాబాయి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, అలా కాదు ఇలా పెట్టమని చెబుతుండేవారు. వాన పడితే గొడుగు పట్టేవారు. పాకం పెట్టాక కూడా ఇద్దరూ అక్కడే కూర్చుండిపోయేవారట. గట్టు తెగిన రోజు నీళ్ళెలా పోయాయో, ఆ నీళ్ళలో చేపలు ఎటు కొట్టుకుపోయాయో, బాబాయి మొదటిసారి పిన్నితో ఆ పెట్టె పక్కనే చెప్పారట. చట్రాల్లో అరచేతంత కొత్త మైనం తెల్లగా దిగింది. పిన్ని అది ఫోటో తీసి నాకు పంపింది. కాసులపేరు చేయించుకున్నప్పుడు కూడా ఆవిడ ఫోటో పంపలేదు.

శ్రావణం దాటాక, ముసురు వెలిసి ఎండ కాసిన ఒక ఉదయం, ఈగలన్నీ ఒక్కసారిగా లేచి వెళ్ళిపోయాయి. పిన్ని ఫోన్ చేసి ఆ ఒక్క మాటా చెప్పి పెట్టేసింది. నేను దొరికిన బస్సెక్కి పోయాను. దారి పొడుగునా ఒకటే దిగులు, బాబాయి ఏ స్థితిలో ఉన్నారో అని. వెళ్ళేసరికి పిన్ని వంటింట్లో, కాచిన పాకం ముందు పెట్టుకుని ఏడుస్తోంది. "నా చేత్తోనే పోగొట్టానే, ఆయన ముఖం ఎలా చూడను" అంటోంది. పొద్దు వాలింది. అడుగుల చప్పుడైతే తలెత్తి చూశాం. బాబాయి గుమ్మంలో నిలబడి, "ఏమేవ్, ఇవాళ పాకం వద్దుగానీ టీ పెట్టు. వేళయింది, అక్కడే కూర్చుని తాగుదాం" అన్నారు. పిన్ని లేచి ముఖం కడుక్కుని, స్టవ్ వెలిగించింది. నన్ను ఇద్దరిలో ఎవరూ పిలవలేదు. నేనూ వెళ్ళలేదు. కిటికీలోంచి, ఖాళీ పెట్టె పక్కన కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్న ఇద్దర్నీ చూస్తూ నిలబడిపోయాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా.

తర్వాత ఆ పెట్టెలోకి వేరే ఈగలొచ్చాయి, అవీ పోయాయి, మళ్ళీ వచ్చాయి. ఈగలున్నా లేకపోయినా సాయంత్రం టీ మాత్రం అక్కడే. పెళ్ళయిన కొత్తలో పక్కపక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పుకుందామంటే వాళ్ళిద్దరికీ చెరువు తీరికివ్వలేదు. చెరువూ పోయి, ఆఖరికి ఈగలూ పోయిన సాయంత్రం ఆ తీరిక దొరికింది. కాలం ఎవరికి ఏది ఎప్పుడిస్తుందని అడగడం నేనప్పటి నుంచే మానేశాను.