డాక్టరుగారి పైపూ, మా మామ ముక్కూ

మొన్న ఒక ఆదివారం మా మనవరాలూ ఆమె భర్తా హైదరాబాదు నుంచి కర్నూలు వచ్చి, భోజనాలయ్యాక ముందుగదిలో కూర్చుని ఏదో డబ్బా మూత తీశారు. నేను వంటింట్లో చింతపండు గింజలు తీస్తున్నాను, వాళ్లేం తీశారో చూడలేదు, ఎవరూ చెప్పనూ లేదు, అయినా చేతిలో చింతపండు చేతిలో ఉండగానే లేచి నిలబడిపోయాను. బెల్లపు పాకం, ఎండుద్రాక్ష, వాటి వెనకాల ఎక్కడో ఎండిన ఆకు. మూడు వాసనలు, వేటికవే విడివిడిగా. కరోనా వచ్చి పోయినప్పటి నుంచి నాకు వాసనన్నది తెలియదు. మల్లెపూలూ కిరసనాయిలూ నాకు ఒకటే అయిపోయాయి, పొయ్యి మీద పప్పు మాడితే ఇంట్లోవాళ్లు ఉరికొచ్చి చెప్పాలి. చూసిన డాక్టర్లు వయసు కదమ్మా, ఇక ఆశ పెట్టుకోవద్దన్నారు. అట్లాంటి డెబ్బై నాలుగేళ్ల ముక్కుకు ఆ మధ్యాహ్నం ప్రాణం లేచొచ్చింది.

నేను గుమ్మంలోకి రాగానే ఆ అబ్బాయి డబ్బాను దిండు వెనక్కి తోశాడు, దొంగ దొరికినట్టు. పైపులో వేసుకునే పొగాకట, పాతకాలపు పద్ధతిలో చేసిన పరిమళం పొగాకట, ఘాటు తక్కువట, పాత పైపులు పోగుచేయడం తన సరదా అట. నేను డబ్బా లాక్కుని వాసన చూసి, చిటికెడు వేళ్ల మధ్య నలిపి, ఇది ఎండిపోయింది నాయనా, ఇట్లాగే వెలిగిస్తే నాలుక కాలుతుంది, తడి కుండపెంకు పెట్టి రెండు రోజులు మూతేసి ఉంచు అన్నాను. వాడు నోరు తెరిచి నా వంక చూశాడు. నా ఈడువాళ్లయిన మీకు దాచడమెందుకు, ఈ జన్మలో నేనూ ఒకసారి పైపు తాగాను, అదీ మా అత్తగారు కాపలా కాస్తుండగా.

మా పుట్టిల్లు కడప. నాన్న చెన్నూరు తమలపాకుల వ్యాపారం చేసేవాడు, అందుచేత నేను నడక నేర్చిందీ వాసనలు నేర్చిందీ ఆ ఆకుల మోపుల మధ్యే. ఏ మోపులో ఒక్క ఆకు కుళ్లినా కట్టు విప్పకుండానే చెప్పేదాన్ని. దీనికి దేవుడు ముక్కు పెట్టబోయి కుక్క ముక్కు పెట్టినాడని మా అవ్వ ఎగతాళి చేసేది. పద్దెనిమిదో ఏట నన్ను కర్నూలు పూలబజారులో ముక్కుపొడి అంగడి ఉన్న ఇంటికి ఇచ్చారు. ముందర అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. ఆ తెర దాటి ఆడవాళ్లు అంగట్లోకి పోయే ఆచారం లేదు, గుడికి పోవాలన్నా పెరటి సందులోంచే. మావారు నంద్యాల వైపు నల్లరేగడి పల్లెలు తిరిగి నాటు పొగాకు కొనుక్కొచ్చేవారు, మామ దాన్ని వేయించి, దంచి, నెయ్యీ సున్నమూ పాళ్లు చూసి కలిపి పొడుం చేసేవాడు. ఆ పాళ్లు చూసేది తూకంతో కాదు, ముక్కుతోనే. పత్తికొండ నుంచీ ఆదోని నుంచీ కూడా మనుషులు వచ్చి, శెట్టి వాసన చూసిన పొడుమే కావాలని అడిగి పట్టుకుపోయేవారు.

కాపురానికొచ్చిన రెండో ఏడు ఒకరోజు మామ పొడుం కలుపుతుంటే తెర ఇవతలికి నెయ్యి చెడిన వాసన వచ్చింది. కొత్తకోడల్ని, మామకు చెప్పేదెట్లా? అత్తకు చెప్పాను, ఆమె వెళ్లి ఆయన చెవిలో వేసింది. ఆయన గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, దించి, మళ్లీ పెట్టుకుని, చివరికి తెర వంక చూశాడు. ఆ చూపుతో నాకు అర్థమైపోయింది. నలభై ఏళ్లు పొడుం ఘాటులో బతికిన ఆ ముక్కు అప్పటికే చచ్చిపోయింది. ఆయనకు తెలుసు, అత్తకు తెలుసు, ఇప్పుడు నాకు తెలిసింది. బజారుకు తెలిస్తే మాత్రం అంగడి మూసుకోవాల్సిందే, చెవిటివాడి దగ్గర సంగీతం ఎవరు నేర్చుకుంటారు?

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక కొత్త పద్ధతి మొదలైంది. దాని గురించి ఎవరమూ నోరు విప్పి మాట్లాడుకోలేదు. మామ పొడుం కలిపి గిన్నె తెర కిందుగా ఇవతలికి జరిపేవాడు. నేను వాసన చూసి, బాగుంటే గాజులు గలగలలాడించేదాన్ని, బాగాలేకుంటే చప్పుడు చేయకుండా గిన్నె వెనక్కి తోసేదాన్ని. ఇంటి కోడలు చేయి ఆడిస్తోందనుకునేవారు గానీ, తాము పీల్చే పొడుం ఆ గాజుల ఆమోదం పొందిందని అవతల కూర్చున్నవాళ్లకు కలలో కూడా తోచి ఉండదు.

అట్లా రెండేళ్లు గడిచాక, ఒక వేసవిలో ఒక పెద్ద డాక్టరుగారు మా అంగడి మెట్లెక్కారు. ఆయన కడప జిల్లాలో మిషను ఆసుపత్రిలో ఉద్యోగమంతా చేసి, రిటైరై కర్నూలులో చర్చి వెనక వీధిలో ఉండేవారు. పేదసాదలకు ఉచితంగా మందులిచ్చే మనిషి కావడంతో ఊరంతా ఆయనంటే గౌరవం. కుర్రతనంలో తనకు వైద్యం నేర్పిన దొర దగ్గర అబ్బిన పైపు ఒక్కటే ఆయన వ్యసనం. ఆ పైపులోకి మద్రాసు నుంచి వచ్చే దొరల సీమ పొగాకు డబ్బా రావడం ఆగిపోయిందట. ఖాళీ డబ్బా అడుగున మిగిలిన రెండు చిటికెలు చూపించి, హైదరాబాదులో చేతులెత్తేశారు, శెట్టిగారూ, మీ ముక్కు మీదే నా నమ్మకం అన్నారు. ఎదుటి అత్తరు సాయబుతో సహా పదిమంది చూస్తున్నారు. వాసనే తెలియని మా మామ, ఆ డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని, చేసిస్తానని మాటిచ్చేశాడు.

వెనక్కి తీసుకోలేని మాట అది, తప్పితే పరువుతో పాటు గుట్టూ పోతుంది.

ఇక మొదలైంది మా ఇంట్లో యాగం. ఆ రెండు చిటికెలనూ నేను ఎన్నిసార్లు వాసన చూశానో లెక్కలేదు. బెల్లం పాకం ఉందని తెలిసింది, ఎండుద్రాక్ష ఉందని తెలిసింది, ఆ రెంటి మీదా తేలుతూ ఇంకేదో తియ్యని వాసన, దానికి నాకు పేరు తెలియదు. మావారు తెచ్చిన మోపుల్లోంచి పలచటి అడుగాకులు ఏరి, ఈనెలు తీసి, ఘాటు దిగేదాకా మూడు నీళ్లు మార్చి నానబెట్టాం. నీడన ఆరేసి, ద్రాక్షా బెల్లమూ కాచిన పాకం పట్టించి, అత్తగారి ఇడ్లీ గిన్నెలో ఆవిరి మీద ఉడికించి, రెండు చెక్కల మధ్య పెట్టి పైన రుబ్బురోలు పొత్రం ఎక్కించాం. ఆ గిన్నెలో మళ్లీ ఇడ్లీ పోస్తే ఒట్టని మా అత్త ఎంత సాధించిందో! పేరు తెలియని ఆ వాసన మాత్రం చిక్కక పదిరోజులు తిప్పలు పెట్టింది. చివరికి ఒకనాడు బనగానపల్లె మామిడిపండు కోస్తూ తొక్కను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నానో లేదో, ఇదేనని కేక పెట్టాను. తొక్కలు నీడన ఎండబెట్టి పాకంలో వేశాక గిన్నె తెర కిందుగా మామ దగ్గరికి తోసి గాజులు ఆడించాను. ఆ రోజు కొంచెం గట్టిగానే ఆడించాను.

డాక్టరుగారు పట్టుకెళ్లి, నాలుగో రోజు తిరిగొచ్చారు. పరిమళం అచ్చం అదేనన్నారు. కానీ నాలుక కాల్చింది శెట్టిగారూ, రెండు దమ్ములకు మించి లాగలేకపోయాను అన్నారు, ఎంతో మొహమాటపడుతూ పొట్లం వెనక్కిచ్చి. మెట్ల మీద కూర్చున్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయన, శెట్టికి వయసయిపాయ, ముక్కు మందగించింది అని నవ్వాడు కూడా. ఆ మాట పడగానే మామ భుజాలు వంగిపోవడం తెర సందులోంచి నేను చూశాను. ఆ పూట ఆయన అన్నం తినలేదు. నాకు దుఃఖం కాదు, కోపం వచ్చింది. నా ముక్కు తప్పు చెప్పదు, మరి తప్పెక్కడుంది? మా ఇంట్లో చుట్ట గానీ బీడీ గానీ తాగేవాళ్లు ఒక్కరూ లేరు. తాగి చూస్తే తప్ప తెలియదని అత్తతో అన్నాను. ఆమె కేకలేస్తుందనుకున్నాను. మామ పస్తును తలుచుకుందో ఏమో, డాక్టరుగారు మచ్చుకు ఉంచిపోయిన పాత పైపు తానే తెచ్చిచ్చి, పెరటి తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

"దమ్ము లాగితే లాగుదువు గానీ, ముందు కొంగు నిండా కప్పుకో. ఎవురన్నా వస్తే నేను దగ్గుతా" అంది.

మా దగ్గర మిగిలిన పొగాకు జాడీలో ఉంది. దాన్ని పైపులో కూరి వెలిగించాను. మొదట దగ్గొచ్చింది, కళ్లలో నీళ్లొచ్చాయి, ఆ తరవాత మెల్లగా నోట్లో మామిడిపండు తిన్న తరవాతి తీపిలాంటిది నిలిచింది. నాలుక కాలలేదు సరికదా, నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. తరవాత డాక్టరుగారు వెనక్కిచ్చిన పొట్లంలోది వేసి లాగాను. నిప్పు మింగినట్టయింది. రెండూ ఒకే పొత్రం కింద నలిగినవే. పొట్లం విప్పి చూస్తే, కర్నూలు ఎండకు నాలుగు రోజుల్లో గలగలా పొడి అయిపోయింది. తప్పు కలపడంలో లేదు, తడి ఆరిపోవడంలో ఉంది. వెంటనే మా అమ్మ గుర్తొచ్చింది. కడప ఎండల్లో తమలపాకులు వాడకుండా ఆమె పెట్టెలో ఒక మూల నానబెట్టిన కొత్త కుండపెంకు పెట్టేది. నేను ఎగిరి గంతేసినంత పని చేసి కూజా పగలగొట్టాను, కొత్త కూజా అని అత్త లబోదిబోమంది. ఒక పెంకు అంచులు బండ మీద గుండ్రంగా అరగదీసి, నీళ్లలో నానబెట్టి, తుడిచి, పొగాకు డబ్బాలో పెట్టి మూత వేశాం.

ఆ శుక్రవారం సాయంత్రం, బజారు కిటకిటలాడుతున్న వేళ, డాక్టరుగారు మా మెట్ల మీదే కూర్చుని పైపు వెలిగించారు. ఒక దమ్ము, రెండు, మూడు. నేను తెర సందుకు కన్ను ఆనించాను. అయిదో దమ్ముకు ఆయన కళ్లు మూసుకుని గోడకు చేరగిలబడ్డారు. పొగ బజారు దాటి అవతలికి పోయింది. అత్తరు సాయబు తన అంగడి దిగి వచ్చాడు.

"ఏమప్పా శెట్టీ, యాడిదప్పా ఈ ఖుష్బూ? నా అంగడి ముందరికొచ్చి నా అత్తరునే మరిపిస్తాండాది!"

డాక్టరుగారు కళ్లు తెరిచి, దొరల డబ్బా కంటే ఇదే మెత్తగా ఉందన్నారు. జనం మూగారు. ముక్కు మందగించిందని నవ్విన మనిషి కూడా, శెట్టి ముక్కంటే ముక్కేనని తలూపాడు. అక్కడితో మామ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకున్నా నేను బాధపడి ఉండేదాన్ని కాదు. ఆయన లేచి నిలబడ్డాడు.

"ముక్కు నాది కాదప్పా. నాకు వాసన తెలియక మూడేండ్లు అయిపాయ. ఇది మా కోడలు చేసిండేది. మీరు కొంటాండే పొడుం గూడా ఆయమ్మ ముక్కుతో చేసిండేదే." అని, తెర వైపు తిరిగి, "రామ్మా, ఈడికి రా" అన్నాడు.

అంగడి ఈ క్షణం నుంచి ఉంటుందా మునుగుతుందా అన్నది ఆ మూగిన జనం చేతిలో ఉంది. అత్త నా వీపు మీద చెయ్యేసి తోసింది. తెర దాటి వచ్చాను. డాక్టరుగారు నన్ను చూసి లేచి నిలబడ్డారు, పైపు చేతిలోకి తీసుకుని. అంత పెద్దమనిషి ఇరవై రెండేళ్ల ఆడపిల్లకు లేచి నిలబడటంతో, మెట్ల మీద కూర్చున్నవాళ్లూ ఒకరి తరవాత ఒకరు లేచారు. సాయబు నవ్వుతూ, శానా బాగుండాది బేటీ అన్నాడు. మర్నాటి నుంచి తెర తీసేశారు. ముప్పై ఏళ్లు అంగట్లో మామ కూర్చునే మెత్త మీద కూర్చున్నాను, పత్తికొండ నుంచి వచ్చేవాళ్లు కోడలమ్మ పొడుం అని అడిగి తీసుకుపోయేవారు. ఇప్పటికీ తలుచుకుంటే గర్వంగానే ఉంటుంది, ఎందుకు దాచాలి!

మామ ఆ తరవాత పన్నెండేళ్లు బతికాడు. ఏడాదికొకసారి తొలకరి పడినప్పుడు మాత్రం చిన్నపిల్లవాడిలా అరుగు మీదికొచ్చి, వాన వాసన వస్తాందామ్మా, ఎట్లుండాది అని అడిగేవాడు. చేతిలో పని వదిలి పక్కన కూర్చుని చెప్పేదాన్ని. ముందు దుమ్ము వాసన, తరవాత పెంకుల వాసన, ఆ తరవాత దూరంగా తుంగభద్ర ఇసుక తడిసిన వాసన. ఆయన అవునవునని తలూపేవాడు.

ఆ అంగట్లో ఇప్పుడు ఫోన్ల గాజు తొడుగులు అమ్ముతున్నారు. పొడుం పీల్చేవాళ్లు లేకపోవడం ఒకందుకు మంచిదే, అది మా మామ ముక్కును తినేసింది, ఇంకెందరి ముక్కులు తినేదో. దానికి నేను ఏడవను. మొన్న ఆ అబ్బాయి డబ్బాలోకి పెంకు కావాలంటే, ఇంట్లో కుండ లేదు, కూజా లేదు, పూలకుండీలు కూడా ప్లాస్టిక్కువే. చివరికి నా ట్రంకు పెట్టెలో పాత గాజుల మధ్య ఆనాడు అరగదీసిన పెంకే దొరికింది. గ్లాసుడు నీళ్లలో వేశాను. బుడగలొచ్చాయి, బుడగల వెంట మట్టి వాసన లేచింది. నాలుగు వానాకాలాలుగా వాన వాసన ఎట్లా ఉందని నేను ఎవరినీ అడగలేదు. వాన ఎప్పుడు పడుతుందో చెప్పడానికి అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఎట్లా ఉందని అడిగితే చేతిలో పని వదిలి పక్కన కూర్చునేవాళ్లు ఉంటారో లేదోనని అనుమానం. అసలు సంగతి, ముక్కు పోయిందని పదిమందిలో చెప్పిన మామ ధైర్యం నాకు లేకపోయింది.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అట్లాగే ఉండిపోయాను. వస్తాంది మామా, అని చెప్పాను.