టమోటా చేలో పడిన అంతరిక్ష చట్టం

మొన్న మదనపల్లె కోర్టు ముందు టమోటా నారు వేసుకుపోతున్న ఆటో ఒకటి నన్ను రాసుకుంటూ పోయింది. చొక్కా నిండా నలిగిన ఆకు వాసన. ఆ వాసనకు ఎవరికైనా చారు గుర్తుకొస్తుంది. నాకు మాత్రం అంతరిక్ష చట్టం, దాన్ని నేర్పిన నాగరాజప్ప సారు గుర్తుకొస్తారు.

ఎక్కడో దూరాన ఉన్న ఒక విశ్వవిద్యాలయం గగన, అంతరిక్ష చట్టాల్లో డిప్లొమా పెట్టి, ఆదివారం తరగతులకు పుంగనూరులో ఎరువుల కొట్టు మీది గది అద్దెకు తీసుకుంది. ఏడుగురం లాయర్లం, ఒక్క ఫ్యాను. అది గ్రహణంలా ఎప్పుడో ఒకసారి తిరిగేది. సారు పుంగనూరు ఆవంత పొట్టి మనిషి. ఆకాశం ముగిసి అంతరిక్షం మొదలయ్యే చోటు చూపించడానికి కుర్చీ ఎక్కేవారు. "ఈ గీత యాడ గీయాలో దేశాలన్నీ కూసున్నా తేల్లేదప్పా. మీ గట్టు తగాదాలెంత?" అనేవారు.

ఆ ఏడు రామకుప్పం దగ్గర రత్నమ్మ అనే రైతు చేలో ఆకాశం నుంచి తెల్ల పెట్టె ఒకటి పడింది. సంకటి ముద్దంత పెట్టె, కబురు కుప్పం చేరేసరికి బస్సంత అయింది. పుంగనూరుకు మోసింది నేను కాబట్టి రాకెట్టయింది. అంతరిక్ష వస్తువు పడి నష్టం చేస్తే పంపిన దేశమే పరిహారం ఇవ్వాలని అంతకుముందు వారమే పాఠం విన్నాం. నలభై పేజీల దావా రాసేశాను. ప్రతివాది పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలాను, దేశం ఇంకా తేలలేదు గనుక.

తర్వాతి ఆదివారం సారు మమ్మల్ని ఆ చేను దగ్గరికి తీసుకుపోయారు. ఆయన గట్టు మీదే ఆగిపోయారు. నేను టేపు పట్టుకుని చేలోకి దూకి గుంట కొలిచాను. జానెడు.

"పెట్టె పడి ఎన్ని మొక్కలు పొయినాయమ్మా?" అని సారు అడిగారు.

"రెండు సార్," అంది రత్నమ్మ. ఆ ఏడు ఆమె ఇల్లు గడవాల్సింది ఆ చేను మీదే.

"మరి ఈ సగం చేను?"

"సూసేకి వొచ్చినోళ్లు తొక్కినారు. ఏనుగులొస్తే టపాకాయలు కాలుస్తాం. లాయర్లొస్తే ఏం కాల్చాల?"

సారు పెట్టె అడిగి తీసుకుని తిప్పి చూశారు. "ఇది గాలీవానా కొలిచే బెలూనుదప్పా. నీ దావా పొయినంత పైకి ఇది పోలేదు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఆకాశం గీత సంగతి తర్వాత సూద్దాం. ముందు నువ్వు యాడ నిలబడుండావో సూసుకో."

చూసుకున్నాను. నా బూట్ల కింద రెండు మొక్కలు. ఆకాశం చేసిన నష్టానికి నేను చేసింది సరిసమానం.

మరుసటి ఆదివారం పాఠం లేదు. సారు గంగవరం నుంచి నారు తెచ్చారు. ఏడుగురం వంగి నాటాం. "లాయరప్పా, వేరు కిందికి పోవాల," అని రత్నమ్మ నన్ను రెండుసార్లు దిద్దింది. కాపు ఆలస్యమైనా వచ్చింది. ఆమె తరగతికి ఒక బుట్ట పంపింది. నా దావా కాగితాలు ఆ టమోటాల కింద పరవడానికి పనికొచ్చాయి.

సారు ఇప్పుడు లేరు. ఇన్నేళ్లలో ఒక్క ఉపగ్రహమూ నా గడప తొక్కలేదు. వచ్చేవన్నీ గట్టు తగాదాలే. పొలం చూడటానికి పోతే చెప్పులు గట్టున విడిచి, ప్రతి అడుగూ చూసుకుంటూ దిగుతాను. నేలతల్లి మీద భక్తి అనుకుంటారు కక్షిదారులు. అనుకోనిస్తాను.