ఉత్త స్పిరిట్ బిళ్ల

నిన్న మా మార్కాపురం కాలేజీ ల్యాబులో ఒక విద్యార్థిని గాజు పళ్లెం తెచ్చి చూపించింది. సూక్ష్మజీవులు పొరలా పెరిగిన చోట, గింజల రసంలో ముంచిన కాగితపు బిళ్ల చుట్టూ మాత్రం తేటగా ఒక వలయం. "చచ్చిపోయినాయి మేడం!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది. నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చింది.

మేనత్తది గిద్దలూరులో మూలికల దుకాణం. కరక్కాయ, కుంకుడు, కానుగ గింజల వాసనంతా ఆమె చీరల్లోనే ఉండేది. షుగర్ మనిషి. డాక్టర్లకు తన టీలో చక్కెర తప్ప వేరే జబ్బు కనపడదని ఆమె ఫిర్యాదు. బొటనవేలి కింద పుండు లేచాక కానుగ గింజల పొడి నా చేతిలో పెట్టి, "నీ కాలేజీలో చూడు కోడలా. పురుగు చస్తాదా లేదా, అదొక్కటి చెప్పు" అంది.

పొడిని స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, బిళ్లలు ముంచి సూక్ష్మజీవుల పళ్లెంలో పెట్టాను. పక్కన ఉత్త స్పిరిట్ బిళ్ల కూడా ఒకటి పెట్టాలి. చంపింది గింజలా, స్పిరిట్టా అనేది తేలేది దాంతోనే. ఏటా పిల్లలకు నేనే చెప్పే పాఠం. ఆ రోజు ఉబలాటంలో పెట్టలేదు. తెల్లారి వలయం కనపడగానే ఫొటో తీసి మేనత్తకు పంపాను. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ అది చూపించి, "మా కోడలు కాలేజీలో తేల్చింది" అని చెప్పుకుందట. ఆసుపత్రి మందులు మానేసి, పుండుకు ఆ పొడే కట్టుకుంది.

తర్వాతి సోమవారం అనుమానం వచ్చి ఉత్త స్పిరిట్ బిళ్ల పెట్టాను. మంగళవారం పొద్దున చూస్తే దాని చుట్టూ కూడా అంతే వలయం. బిళ్లలు సరిగా ఆరనివ్వలేదు నేను. ఫోన్ తీశాను, మళ్లీ పెట్టేశాను. ఊరంతా నా గొప్ప చెప్పుకుంటుంటే ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఆదివారం సెలవు కదా, ఎదురుగా చెబుదామనుకున్నాను. గురువారం ఆమే ఫోన్ చేసింది. "మంట పోయింది కోడలా. ఇప్పుడు నొప్పే తెలీడంలే." షుగర్ పుండుకు నొప్పి తెలియకపోవడం మంచి గుర్తు కాదు. అయినా ఆదివారం వస్తానని మాత్రమే చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆదివారం రైలు దిగి వెళ్లేసరికి దుకాణం గడపలోనే వాసన కొట్టింది. అది మూలికలది కాదు. కట్టు విప్పితే వేళ్లు నల్లబడి ఉన్నాయి. ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోతూ స్పిరిట్ సంగతి మొత్తం చెప్పేశాను. ఆమె తిట్టలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్ననే, అత్తా."

"పోనీలే, తెలిసినాక ఆగకుండా వచ్చినావు" అని నా చెయ్యి నిమిరింది.

కాలు మోకాలి కింద తీసేశారు. ఆమె పోయి కూడా కొన్నేళ్లయింది. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఉన్న కాలాన్ని ఆమె కోసం ఒక్క మాటతో ఒక్క రోజుకు కుదించాను. నా దగ్గర మాత్రం అది ఇన్నేళ్లలో ఒక్క పూట కూడా తరగలేదు.