గొర్రెల వెనక డీజిల్ డబ్బా

ఈ సంగతి రాసిపెట్టక తప్పడం లేదు. తొర్రూరు లారీ అడ్డాలో చెప్పుకునే కథలో నా లారీని అరవై గొర్రెలు తాళ్లతో లాగాయట. మొన్న కొడకండ్ల చాయ్ హోటల్లో విన్నదాంట్లో ఒక పొట్టేలు స్టీరింగ్ కూడా పట్టింది. అంత జరగలేదు. జరిగింది అంతకంటే సిగ్గుచేటు.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. బడి ఎనిమిదితో ఆగినా, గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివి ఊడ్చేశాను. ఘర్షణ, జడత్వం, గాలి నిరోధం అనే మాటలు తెలిసిన డ్రైవరు జిల్లాలో నేనొక్కడినేనని గట్టి నమ్మకం.

ఆ ఎండాకాలం కొమురయ్య మామ తన అరవై గొర్రెలను గోదావరి అవతల, మహారాష్ట్రలోని సిరొంచ వైపు మేతకు తీసుకుపోవడానికి నా లారీ మాట్లాడుకున్నాడు. చుట్టం కాదు, పిలుపు వరకే మామ. ఆయన ఆస్తంతా ఆ గొర్రెలే. షరతు ఒక్కటే: ఎండ ముదరకముందే దింపాలి. లారీలో ఇరుక్కుని ఉన్న గొర్రెలు ఎండకు తట్టుకోలేవు.

నా షరతు నా మనసులో ఉంది. గోదావరి వంతెన దాటితే డీజిల్ చవక. ఇవతల చుక్క కూడా పోయించకూడదు.

భూపాలపల్లి దాటాక చాయ్ కోసం ఆగి, ట్యాంకులో కర్ర ముంచాను. డీజిల్ ఎంతుందో చూపే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది.

"నాలుగు వేళ్ల లోతున్నది మామా. ఫికర్ లేదు."

"ఎదురుంగనే బంకున్నది గదా అల్లుడా. జర పోపియ్యరాదు?"

"అవతల అగ్గువ."

"నీ అగ్గువకు నా జీవాలను ఎండబెడ్తవా ఏంది?"

"ఇది లెక్క మామా. నీకు తెల్వది."

నవ్వకండి. అక్కడి నుంచి ముప్పై దాటకుండా నడిపాను, గాలి నిరోధం తగ్గాలని. పాలక్యాన్ల మోపెడ్ ఒకటి మమ్మల్ని జాలిగా చూసి దాటిపోయింది. పల్లం వస్తే గేరు తీసి లారీని వదిలేశాను. బుద్ధున్నవాడెవడూ చేయని పని.

"అల్లుడా, పోతున్నమా, ఆగినమా?"

"పొదుపుగ పోతున్నం."

"గిట్లయితే వానాకాలంల చేరుతం."

సరిగ్గా వంతెన నడిమధ్యన ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎండ నెత్తికెక్కింది. వెనక గొర్రెలు నోళ్లు తెరిచి ఎగపోస్తున్నాయి.

"నీ నాలుగు వేళ్లు ఏమాయె?"

కర్ర ముంచాను. పొడిగా వచ్చింది. అప్పుడు వెలిగింది. చాయ్ దగ్గర లారీ ముక్కు పల్లంలోకి దిగి ఉంది. ఉన్న కాస్త డీజిలూ ట్యాంకు ముందు కొసకు, సరిగ్గా మూత కిందికి చేరింది. నేను ముంచింది అక్కడే. ద్రవం పల్లానికి పోతుందని చెంబు పట్టిన ప్రతివాడికీ తెలుసు. నేను మాత్రం దాని మీద మూడు పుస్తకాలు చదివి ఉన్నాను.

మామ కిందికి దిగాడు. వెనక తలుపు తీసి, గొర్రెలతో "దిగుర్రి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ."

అన్నిటినీ దింపాక ఒక పిల్లను నా మెడ మీద వేశాడు. "మూడు దినాలది. నడువది. ఎత్తుకో."

ముందు మామ, నడుమ మంద, చివర మెడ మీద గొర్రెపిల్ల, చేతిలో ఖాళీ డబ్బాతో శాస్త్రజ్ఞుడు. బస్సు కిటికీల్లోంచి ఫోన్లు బయటికొచ్చాయి. గొర్రెపిల్ల నా వీపు మీద వెచ్చగా తన అభిప్రాయం చెప్పింది.

అవతల బంకు పక్క నీళ్ల తొట్టి దగ్గర గొర్రెలన్నీ మూతులు పెట్టాయి. మామ ఒక్కొక్కదాని మీద చెయ్యివేసి, "అన్నీ పాణంతోని ఉన్నయి" అన్నాక గానీ నేను డబ్బాతో బంకు వైపు తిరగలేదు.

బంకులో లక్ష్మణ్ అనే ఆయన తెలుగులోనే అడిగాడు. "బండేది అన్నా?"

"వంతెన మీద."

నన్ను చూశాడు, నా వెనక మందను చూశాడు. "మరి పైపు దేని నోట్లె పెట్టాలె?"

డబ్బాతో వెనక్కి పోయి డీజిల్ పోస్తే ఇంజను కదిలితేనా! ఒకసారి ఎండిన డీజిల్ ఇంజను పైపుల్లో గాలి చేరుతుంది. మెకానిక్ సత్తార్ భాయ్ వచ్చి ఆ గాలి తీసేసరికి పొద్దు వాలింది.

లారీతో అవతలికి చేరి, నసుగుతూ కిరాయి మాట ఎత్తాను.

"వంతెన దాంక నా గొర్లను నువ్వు తెచ్చినవు," అన్నాడు మామ. "ఆడికెల్లి నిన్ను నా గొర్లు తెచ్చినయి. చెల్లుకు చెల్లు."

ఆ రోజు కిరాయిని నా లెక్కల పుస్తకంలోంచి కొట్టేశాను.

కాబట్టి గోదావరి ఇసుక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: లారీ ముక్కు కిందికి పెట్టి ట్యాంకులో కర్ర ముంచను, జీవాలను ఎక్కించుకుని చవక వెంట పోను. గాలి తీసిన సత్తార్ భాయ్‌కి, నవ్వు ఆపుకుంటూ డబ్బా నింపిన లక్ష్మణ్ అన్నకు కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువగా కొమురయ్య మామకు. ఇప్పటికీ ఆయన నా లారీయే మాట్లాడుకుంటాడు. కాకపోతే గొర్రెలు ఎక్కకముందే నన్ను పక్కన నిలబెట్టి, డీజిల్ తానే దగ్గరుండి పోయిస్తాడు.