యాభై నాలుగు మెట్లు

నా చీలమండ ఏదైనా ఘనకార్యం చేస్తుండగా విరిగి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. ఎనిమిదో నెల నిండుతుండగా, కింద వీధిలో ఝాల్‌ముడి అమ్మేవాడి డబ్బా చప్పుడు విని, కారం మరమరాల మీద ఆశ కొద్దీ విరగ్గొట్టుకున్నాను. నేను గుమ్మం దాటానో లేదో కరెంటు పోయింది. ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటు పోయిందని ఆగిపోతే ఎవరికీ ఏ పనీ అయ్యేది కాదు. కాబట్టి నేనూ ఆగలేదు.

గార్డెన్ రీచ్‌లో డాక్‌కి దగ్గర్లో మాది మూడో అంతస్తు అద్దె ఇల్లు. వీధి గుమ్మం దాకా యాభై నాలుగు మెట్లు. పైనుంచి ఏడో మెట్టుకి అంచు లేదు. జానెడు మేర సిమెంటు ఊడిపోయి లోపలి ఇటుక కనిపించేది. అద్దెకున్నవాళ్లు విరగ్గొట్టారు కాబట్టి వాళ్లే బాగుచేయించుకోవాలని ఇంటి యజమాని అనేవాడు. ఇల్లు ఆయనది కాబట్టి మెట్టూ ఆయనదేనని అద్దెకున్నవాళ్లం అనేవాళ్లం. మధ్యలోకి మా వీధి క్లబ్బు వచ్చి, కేరమ్ బోర్డు పక్కకి జరిపి, సమావేశం పెట్టి, సదరు మెట్టుని తక్షణం బాగుచేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇది నేను కాపురానికి రాకముందు సంగతి. తీర్మానం గట్టిగానే ఉంది, మెట్టే ఇంకా ఊడుతూ వచ్చింది.

వెలుగులో అయితే అందరం ఆ మెట్టు దాటేసి ఎనిమిదో దాని మీద అడుగు వేసేవాళ్లం. చీకట్లో లెక్క తప్పాను. పడేటప్పుడు రెండు చేతులూ కడుపుకే అడ్డం పెట్టుకున్నాను, కాలి సంగతి కాలే చూసుకోవాల్సి వచ్చింది. ముందుగా కొవ్వొత్తితో వచ్చింది కింది వాటాలో ఉండే బెంగాలీ ముసలావిడ. అందరం ఆవిడని మాసీమా అనేవాళ్లం. ఎక్కడ దెబ్బ తగిలిందో అడక్కముందే నా నోట్లో నాలుగు హోమియోపతి మాత్రలు వేసింది. మా వీధిలో ఆ వైద్యం రానివాళ్లు నేనూ ఆ ఝాల్‌ముడివాడూ మాత్రమే.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయనిదే కట్టు వేయనన్నారు. కడుపులో బిడ్డ ఉండగా ఎక్స్‌రే ఏమిటని పురుళ్ల డాక్టరమ్మ చీటీ మీద చీవాట్లు రాసి పంపారు. ఆయన ఆ చీటీ వెనకే జవాబు రాశారు. వాళ్ల గదులు ఒకే వరండాకి చెరో చివర. ఒకరి గుమ్మంలో నిలబడితే రెండోవారు కనిపిస్తారు. ఆ ఉత్తరాలు మోస్తూ మా ఆయన అటూ ఇటూ పరిగెడుతుంటే, నేను మధ్యలో బల్ల మీద గుమ్మడికాయంత కాలు చాపుకుని కూర్చున్నాను. చివరికి పొట్టకి సీసం అడ్డు కట్టి ఒకే ఒక్క బొమ్మ తీశారు. రెండు చోట్ల విరిగింది. మోకాలి కింద నుంచి వేళ్ల దాకా కట్టు వేసి, ఆరు వారాలు ఈ కాలు నేల మీద మోపొద్దన్నారు. నెల రోజుల్లో పురుడు కదండీ అంటే, అది తన విభాగం కాదన్నారు.

మా ఆయన డాక్‌లో క్రేను నడిపేవారు. ఆయనా, ఆయనతో పనిచేసే ఇంకో క్రేను మనిషీ చేతులు పెనవేసి, మీద నన్ను కూర్చోబెట్టుకుని పైకి మోశారు. రెండో అంతస్తు దగ్గర ఆ స్నేహితుడి నడుం పట్టేసింది. ఓడల్లోంచి టన్నులకి టన్నులు ఎత్తే మొనగాళ్లే, కాకపోతే వాళ్లు ఎత్తేది మీట లాగి. ఇంట్లోకి చేరాక ఆయన గోడకి చేరగిలబడి, "ఇంక నన్ను పిలవకండి వొదినా" అని దణ్ణం పెట్టాడు.

తొలిచూలు కాబట్టి పురిటికి నేను శ్రీకాకుళం వెళ్లాలి. టిక్కెట్లు కూడా కొన్నాం. నేను వెళ్లలేకపోయేసరికి అమ్మే వచ్చింది. దంపుడు బియ్యం, మినుములు, ఎండు చేపలు, బాలింతకి పెట్టే కాయం సరుకులు అన్నీ మోసుకుని వచ్చింది. మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ, నా మొహం కూడా చూడకుండా మా ఆయన్ని అడిగింది.

"యాబై నాలుగున్నాయి బాబూ. నొప్పులొత్తే దీన్నెలా దింపుతారు?"

"హోయే జాబే అత్తా," అన్నారు మా ఆయన. అయిపోతుందిలే అని బెంగాలీలో ఆ మాటకి అర్థం. నాలుగేళ్ల వయసులో వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ఈ ఊరొచ్చి ఇక్కడే పెరిగిన మనిషి. ఇంట్లో తెలుగు, డాక్‌లో హిందీ, ఏ పనైనా చెయ్యకుండా ఉండటానికి బెంగాలీ.

అమ్మ ఎందుకు అడిగిందో నాకు తెలుసు. నాకంటే ముందు ఆమెకి ఒక మగబిడ్డ. నొప్పులు మొదలైన రోజు ఊళ్లో బండ్లన్నీ ఎవరిదో పెళ్లికి వెళ్లాయి. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటూ అందరూ ఆమెని వీధి అరుగు మీద కూర్చోబెట్టారు. బండి వచ్చింది, అమ్మ ఆసుపత్రికి చేరింది, బిడ్డ మాత్రం దక్కలేదు. ఆ సంగతి నాతో రెండుసార్లే చెప్పింది. అమ్మ అలా అడిగాక నేను ఆ మెట్ల గురించి తప్ప ఇంక దేని గురించీ ఆలోచించలేకపోయాను. నాకు భయం వేసింది. మాసీమా మాత్రల్లో దానికి మందు లేదు.

అమ్మ వచ్చిన మూడో రోజున నడుం పట్టేసిన స్నేహితుడు నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాడు. నేను ఎదురుకాళ్లతో పుట్టానని అమ్మ ఆయన భార్యకి చెప్పిందట. అలా పుట్టినవాళ్లు తంతే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. ఆయన మంచం పక్కన బోర్లా పడుకున్నాడు. మంచి కాలితో తన్నాలంటే విరిగిన కాలి మీద నిలబడాలి. అందుకని అమ్మ నా కట్టు కాలినే రెండు చేతులా ఎత్తి ఆయన నడుం మీద మూడుసార్లు ఆనించింది. మర్నాడు ఆయన పనిలోకి వెళ్లాడు. నన్ను దింపడానికి మాత్రం మళ్లీ మాట ఇవ్వలేదు.

దాంతో మా ఆయన సమస్యని క్లబ్బుకి అప్పగించారు. క్లబ్బు సెక్రటరీ తెల్లటి పైజమా లాల్చీలో మంచి మనిషి. ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందు నిలబడేవాడు. ఎవరైనా తనకి చెప్పకుండా చస్తే మాత్రం నొచ్చుకునేవాడు. "బౌమా, నువ్వు బిడ్డ సంగతి చూసుకో. మెట్ల సంగతి సమష్టిగా మేం చూస్తాం," అన్నాడు. బౌమా అంటే కోడలా అని. ప్రణాళిక ఆయనే చెప్పాడు. క్లబ్బు లైబ్రరీలోని చేతుల కుర్చీలో నన్ను కూర్చోబెట్టి నలుగురు మోస్తారు. కింద క్లబ్బు అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. విన్నంతసేపూ నాకే గర్వంగా అనిపించింది.

ఒక ఆదివారం అభ్యాసం పెట్టారు. నా బదులు క్లబ్బు కోశాధికారిని కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పట్లో నా బరువుకీ నా పొట్టకీ సరితూగే మనిషి క్లబ్బులో ఆయనొక్కడే. మలుపు దగ్గర కుర్చీ ముందు కాళ్లు ఒక గోడకీ, వెనక వీపు ఇంకో గోడకీ తన్నుకుని ఇరుక్కుపోయాయి. ముందుకి రాదు, వెనక్కి పోదు. ఆయన్ని చంకలు పట్టుకుని పైకి లాగి, తర్వాత కుర్చీని విడిపించారు. కుర్చీ కాళ్లు నాలుగు వేళ్ల మేర కోస్తే సరిపోతుందని తేలింది. కానీ కుర్చీ లైబ్రరీది. కొయ్యాలంటే లైబ్రరీ ఉపసంఘం ఒప్పుకోవాలి. ఉపసంఘంలో ఒకాయన డార్జిలింగ్ వెళ్లాడు.

"మరి నా బిడ్డ సంగతేటి బాబూ?" అంది అమ్మ.

"హోయే జాబే," అన్నారు మా ఆయన. ఈసారి నావైపు చూడకుండా అన్నారు.

లెక్క ప్రకారం ఇంకా పది రోజులు ఉండగా, ఒక బంద్ రోజు పొద్దున్నే నాకు నొప్పులు మొదలయ్యాయి. బంద్‌కి పిలుపు ఇచ్చింది రాష్ట్రాన్ని ఏలేవాళ్లే. తమ రాష్ట్రాన్ని తామే మూసేసి కేంద్రానికి బుద్ధి చెబుతున్నారు. బస్సుల్లేవు, కొట్లు లేవు, నడిరోడ్డు మీద క్లబ్బు పెద్దమనుషులు క్రికెట్ ఆడుతున్నారు. అంబులెన్సుకి మాత్రం అడ్డు లేదు. అది గుమ్మం ముందే ఉంది, కిటికీలోంచి దాని పైకప్పు కనిపిస్తోంది. నాకూ దానికీ మధ్య ఉన్నవి ఆ యాభై నాలుగు మెట్లే.

మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిందకి పరిగెత్తారు. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. ఉమ్మనీరు పోయింది. అమ్మ మెట్ల దగ్గరికి వెళ్లి కిందకి కేకేసింది. తెలుగు కేకకి మాసీమా బెంగాలీలో జవాబు చెప్పింది. నేను మంచం మీంచే దాన్ని తెలుగులోకి మార్చాను. క్లబ్బులో అత్యవసర సమావేశం జరుగుతోంది.

"మీటింగా? ఏటికి?"

"కుర్చీ కాళ్లు కొయ్యాలా వద్దా అని."

"మీ ఆయనేటి సేత్తన్నారు?"

"ఆయన కూడా మాట్లాడుతున్నారట."

అమ్మ మెట్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. గుమ్మంలో కాసేపు నిలబడింది. ఆమె మొహం చూసి, ఆ అరుగు మీద కూర్చున్న మొహం ఇదేననుకున్నాను. తర్వాత కొంగు నడుముకి బిగించి, నన్ను చంకల కింద పట్టుకుని, ఒంటికాలి మీద గెంతిస్తూ మెట్ల దాకా తెచ్చింది.

"కూకో."

"ఎక్కడ?"

"మెట్టు మీద. సంటిపిల్లలు దిగరేటి? అలాగే దిగుదువు. ఆ బండి కోసం సూసినాను గానీ ఈ కుర్సీ కోసం సూడను."

నేను పై మెట్టు మీద కూలబడ్డాను. అమ్మ నాకు రెండు మెట్లు కింద, నావైపు తిరిగి కూర్చుని, కట్టు కాలు తన రెండు ముంజేతుల మీదకి తీసుకుంది. నేను చేతులు ఆనించి ఒక మెట్టు జారితే, ఆమె వెనక చూపు లేకుండా ఒక మెట్టు జారేది. పెద్దదానివి, నా కాలు పట్టుకోకమ్మా అన్నాను. తప్పు కదా అని నిజంగానే అనిపించింది.

"నోరుమూసుకుని దిగు. నువ్వు పుట్టినపుడు ముందు అందింది ఈ కాలే. నాకు కొత్తేటి?"

ఏడో మెట్టు దగ్గర నొప్పి వచ్చింది. ఆ ఊడిన ఇటుక నా తొడకి గుచ్చుకుంటుండగా, గోడ పట్టుకుని, నోటికి వచ్చినవన్నీ తిట్టాను. ఇంటి యజమానినీ, క్లబ్బునీ, కేంద్రాన్నీ, రాష్ట్రాన్నీ, క్రేన్లనీ వరసగా తిట్టాను. అమ్మ అడ్డు చెప్పలేదు. నొప్పి తగ్గాక ఆ మెట్టుని అరచేత్తో తడిమి చూసి, "దీని దుంప తెగ," అని తన వంతు తనూ తిట్టింది.

ఎంతసేపు దిగామో తెలీదు. రెండో అంతస్తు నుంచి మాసీమా తోడయింది. మోకాళ్ల నొప్పులతో మా ముందు దిగుతూ, మేం అప్పటికే దిగినవీ కలుపుకుని మెట్లు లెక్కపెట్టింది. యాభై నాలుగు అనేసరికి వీధి గాలి తగిలింది. డ్రైవరు బీడీ పారేసి, స్ట్రెచరు తెచ్చి, హారన్ కొట్టాడు. దానికి క్లబ్బు తలుపు తెరుచుకుని అందరూ బయటికి వచ్చారు. వెనకాల, చేతిలో రంపంతో, మా ఆయన.

"ఐదు నిమిషాలు ఆగాల్సింది బౌమా," అన్నాడు సెక్రటరీ, చాలా నొచ్చుకుని. "ఓటింగ్ అయిపోవచ్చింది."

ఆసుపత్రికి చేరిన గంటకి ఆడపిల్ల పుట్టింది. తలతోనే పుట్టింది. డాక్టరమ్మ ఇంకాస్త ఆలస్యమైతే అని ఏదో చెప్పబోతే, అమ్మకి తెలుగు తప్ప రానందుకు మొదటిసారి సంతోషించాను. ఆ సాయంత్రం బిడ్డని ఒళ్లో పెట్టుకుని అమ్మ ఏడ్చింది. ముంజేతుల మీద కట్టు అంచు ఒరుసుకుని తోలు లేచిపోయి ఉంది. నేనూ ఏడ్చాను.

ఐదో రోజు ఇంటికి వస్తే గుమ్మంలో కుర్చీ ఉంది. కాళ్లు కోశారు. బెట్టు చేసే ఓపిక లేక ఎక్కాను. ఈసారి మలుపులో కుర్చీ చేతులు ఇరుక్కున్నాయి. మిగతా మెట్లు మళ్లీ కూర్చునే ఎక్కాను, కాలు అమ్మ పట్టుకుంది. ఆ వారం క్లబ్బు నోటీసు బోర్డు మీద, బంద్ రోజున కూడా ఒక గర్భవతిని సమష్టి కృషితో సురక్షితంగా దింపినట్టు రాశారు. మా ఆయన చదివి వినిపించారు. అమ్మ శ్రద్ధగా విని, ఆ మెట్టు గురించి ఏమైనా రాశారా అని అడిగింది. లేదన్నారు.

అమ్మ ఊరికి వెళ్లే ముందు రోజు, పక్క వీధిలో గోడ కడుతున్న మేస్త్రీని సైగలతోనే అడిగి గిన్నెడు సిమెంటు కలిపించుకొచ్చింది. నా అట్లకాడ పట్టుకెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఆ అట్లకాడ మళ్లీ అట్లకి పనికి రాలేదు.

నాకు కట్టు విప్పాక, పిల్లని ఎత్తుకుని మొదటిసారి నా కాళ్ల మీద కిందకి బయల్దేరాను. మెట్ల మీద సెక్రటరీ ఇంకో ఇద్దరితో కలిసి వంగి చూస్తున్నాడు.

"ఎవరు చేశారిది? ఎవరి అనుమతితో? విషయం ఇంకా పరిశీలనలో ఉండగా," అంటున్నాడు.

"హోయే గేఛే దాదా," అన్నారు నా వెనక మా ఆయన. అయిపోయింది అని. ఆయన నోట ఆ మాట అలా వినడం నాకు అదే మొదలు.

నేను వంగి చూశాను. పనివాళ్లలా నునుపు చేయడం అమ్మకి రాలేదు. అంచు పొడుగునా ఆమె నాలుగు వేళ్లూ దిగబడి ఉన్నాయి. అందరూ పక్కకి తప్పుకుని నాకు దారి ఇచ్చారు. ఆ వేళ్ల మీద కాలు పెట్టలేక, పిల్లని గట్టిగా పట్టుకుని, ఎప్పటిలాగే ఏడో మెట్టు దాటేసి ఎనిమిదో దాని మీద అడుగు వేశాను.