బాలమ్మ, పాలమ్మ

మా పక్కింటి అర్జీల తాత పోయారు. మంగళవారం పొద్దున ఆయన కోడలు గోడ మీదుగా ఆ మాట చెప్పేసరికి నేను ఆఫీసుకు బయల్దేరుతున్నాను. చెప్పులు విప్పాను, వేసుకున్నాను, మళ్లీ విప్పాను. అప్పట్నుంచీ నాకు స్థిమితం లేదు.

హోసూరులో ప్రభుత్వ ఆఫీసుల ముందు బల్ల వేసుకుని తాత జనానికి అర్జీలు రాసేవారు. అర్జీ తమిళంలో రాసినా, మన తెలుగువాళ్ల పేరు వచ్చినచోట పక్కనే తెలుగులోనూ రాసేవారు. తమిళంలో 'బ'కీ 'ప'కీ ఒకటే అక్షరం కదా. "పేరు చెవితో రాయాలమ్మా, కంటితో కాదు" అనేవారు. నేను నవ్వేదాన్ని.

పాత భూమి కాగితాలను ఏఐతో చదివించి బ్లాక్‌చైన్‌లోకి ఎక్కించే కంపెనీలో నా ఉద్యోగం. మా మిషన్‌కు చెవులు లేవు. అంచెట్టి వైపు ఒకే ఊళ్లో ఉన్న బాలమ్మనీ పాలమ్మనీ ఒకే మనిషిగా కలిపేసింది. పాలమ్మ ఏనాడో చనిపోయింది. దాంతో బతికున్న బాలమ్మ కూడా రికార్డులో చనిపోయింది. ఆమె రాగి చేను పాలమ్మ కొడుకుల పేరు మీదికి పోయింది.

బాలమ్మకు అర్జీ రాసిచ్చి, తాత ఆమె ముందే నన్ను పిలిచి, ఈ తప్పు చెరపలేరా అని అడిగారు. ఒకసారి ఎక్కితే ఎవరూ చెరపలేరు తాతా, లంచమిచ్చినా కుదరదు, అదే దాని గొప్ప అని చెప్పాను.

"దొంగ లోపలికి రాకుండా కట్టినారు, సరే. తప్పు బయటికి పోయేదానికి వాకిలి యాడ పెట్టినారమ్మా?"

సవరణను కొత్తగా చేర్చే వీలుంది. దానికి సంతకం పెట్టాల్సింది ఎవరో మాత్రం ఎవరూ తేల్చలేదు. మీటింగులో అడుగుతానని మాటిచ్చాను. రోజూ పొద్దున "అడిగినావామ్మా?" అనేవారు. "ఈ వారం తాతా" అనేదాన్ని. అడగలేదు. తప్పు నా నెత్తిన వేస్తారని భయం. ఆ సంగతి ఆయన కనిపెట్టే ఉంటారు. అయినా ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

నిన్న మీటింగులో అడిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. "రాసి పంపండి, చూద్దాం" అన్నారు.

ఇవాళ తాత మరణ ధ్రువపత్రం కోసం వెళ్తుంటే, ఆయన ఖాళీ బల్ల దగ్గర బాలమ్మ కూర్చుని ఉంది. ఆయన లేరని చెప్పాను. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కాసేపటికి నా చేతిలోని ఫారం వైపు చూసింది.

"ఇదీ మీ మిషన్లోకే పోతుందామ్మా?"

"ఇట్లాంటి దాంట్లోకే."

"అట్లయితే ఆయప్ప పేరైనా సరిగ్గా ఎక్కించమ్మా. నాది మళ్లీ చూద్దువు."

నాతోపాటే వచ్చి క్యూలో నిలబడింది. అంచెట్టి బస్సు తప్పిపోతుందని చెప్పినా కదల్లేదు.